మారినంత మేర

తాళపత్రంపై ఘంటంతో వ్రాసే లేఖకుడికి తుడిచివేసే సౌలభ్యం లేదు. ఆకుపై ఒకసారి గీసిన గీత గీసినట్లే ఉండిపోతుంది. వ్రాసే తొందరలో ఒక పదమో, ఒక పాదమో జారిపోతే ఆ ఒక్క లోపం కోసం అతడు ఆకునంతటినీ పారవేయనక్కరలేదు. లోపం ఏర్పడిన చోట హంస అడుగును పోలిన చిన్న గుర్తు పెట్టి, జారిన అక్షరాలను పంక్తుల నడుమనో, అంచుననో చేర్చేవాడు. ఆ గుర్తుకే హంసపాదమని పేరు. పని మొదలుపెట్టగానే ఆటంకం ఎదురైతే ‘ఆదిలోనే హంసపాదు’ అని తెలుగువారు నేటికీ అంటారు. సామెతలో ఆటంకానికి మారుపేరైన ఆ చిహ్నం నిజానికి ఒక చక్కని ఉపాయం. తక్కిన ఆకునంతటినీ ఉన్నది ఉన్నట్లుగా ఉంచి, మారవలసిన చోటును మాత్రమే మార్చడం దాని పని.

గ్రంథాన్ని మొత్తంగా తిరిగి వ్రాయడంలో శ్రమతోపాటు ప్రమాదం కూడా ఉంది. ఒక తప్పును దిద్దడానికి ప్రతినంతటినీ తిరిగి వ్రాస్తే ఆ తప్పు తొలగవచ్చు. కాని అంతవరకు సరిగా ఉన్న చోట మరొక తప్పు పుట్టవచ్చు. ఒకే పదం వరుసగా రెండు పంక్తులలో ఉన్నప్పుడు లేఖకుని చూపు మొదటి పంక్తి నుండి రెండవ పంక్తికి దూకుతుంది. నడుమనున్న భాగం లోపిస్తుంది. ప్రాచీన కావ్యాలను పరిష్కరించే పండితులకు ఇటువంటి లోపాలు సుపరిచితాలు. కనుక ఒక పుటలో కొంత భాగం మారినప్పుడు పుటనంతటినీ మార్చాలా, మారినంత మేరకే మార్చాలా అన్న ప్రశ్న చాలా పాతది. కంప్యూటరు తెరపై కనిపించే పుటకు సైతం ఈ ప్రశ్న తప్పలేదు.

1989లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధన సంస్థలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ వరల్డ్ వైడ్ వెబ్‌కు రూపకల్పన చేశారు. శాస్త్రజ్ఞులు తమ పత్రాలను పరస్పరం సులభంగా అందించుకోవాలన్నది ఆనాటి లక్ష్యం. అందుకు తగినట్లుగానే దాని పద్ధతి కూడా సరళంగా ఉంది. పాఠకుడు ఒక పుటను అడుగుతాడు. సర్వరు ఆ పుటను పంపుతుంది. పంపిన వెంటనే ఆ సంగతి మరచిపోతుంది. మరల అడిగితే మరల పంపుతుంది. ఒకసారి వ్రాస్తే ఏళ్ళ తరబడి మారని పరిశోధన పత్రాలకు ఈ పద్ధతి చక్కగా సరిపోయింది. క్షణక్షణం మారే విషయాలు పుటలలోకి ప్రవేశించడంతో చిక్కు మొదలైంది.

క్రికెట్ పోటీనే ఉదాహరణగా తీసుకోవచ్చు. పోటీ వివరాలు తెలిపే పుటలో ఇరుజట్ల ఆటగాళ్ళ పేర్లు, పాత పోటీల ఫలితాలు, ఛాయాచిత్రాలు, ప్రకటనలు ఉంటాయి. బంతి బంతికీ మారేవి మాత్రం కొద్దిపాటి అంకెలే. టెలిఫోను తీగ ద్వారా ఇంటర్నెట్ అందిన రోజులలో ఆ అంకెల కోసం పాఠకుడు రిఫ్రెష్ మీటను పదేపదే నొక్కవలసి వచ్చేది. తెర ఒక్కసారి తెల్లబడి, పుట పైనుండి క్రిందికి మెల్లగా తిరిగి ఏర్పడేది. సెకనుకు 56,000 బిట్లు మోయగల మోడెమ్‌పై 100 కిలోబైట్ల పుట, అనగా సుమారు 8 లక్షల బిట్లు, చేరడానికి లెక్క ప్రకారమే 14 సెకన్లకు పైగా పడుతుంది. మారిన అంకెలను మాత్రమే పంపితే ఒక కిలోబైటు కూడా కానక్కరలేదు. అది సెకనులో ఏడవ వంతు కాలంలో చేరిపోతుంది. కాలంతోపాటు పోయేవి మరికొన్ని ఉన్నాయి. పాఠకుడు చదువుతున్న చోటు తప్పిపోయేది. సగం టైపు చేసిన లేఖ ఉంటే అది కూడా తరచుగా మాయమయ్యేది. ఒక్క అంకె మారినందుకు పాఠకుడు ఇంత మూల్యం చెల్లించవలసి వచ్చింది.

ఈ చిక్కుకు పరిష్కారం అంచెలంచెలుగా వచ్చింది. బ్రౌజరు ఒక పుటను అందుకొన్నప్పుడు దానిని చెట్టు వంటి అమరికగా తన జ్ఞాపకంలో నిలుపుకొంటుంది. పుట మొత్తం కాండమైతే, శీర్షికలు, పేరాలు, పట్టికలు కొమ్మలు. వాటిలోని మాటలు, అంకెలు ఆకులు. ఈ అమరికకు 1998 అక్టోబరులో ప్రామాణిక రూపం ఏర్పడింది. చెట్టును పెకలించకుండా ఒక్క ఆకును మార్చే మార్గం దీనితో సుగమమైంది. అయితే క్రొత్త ఆకును సర్వరు నుండి గుట్టుగా తెచ్చే దూత కూడా కావాలి. మైక్రోసాఫ్ట్ సంస్థలో బ్రౌజరు ద్వారా ఉత్తరాలు చదివే సాఫ్ట్‌వేరును రూపొందిస్తున్నవారు ఆ దూతను తయారుచేశారు. 1999 మార్చిలో వెలువడిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో అది చోటు చేసుకొంది. ఇతర బ్రౌజర్లు కూడా దానిని అనుసరించాయి. 2004 ఏప్రిల్‌లో వచ్చిన జీమెయిల్, 2005 ఫిబ్రవరిలో వచ్చిన గూగుల్ మ్యాప్స్ ఈ పద్ధతి శక్తిని లోకానికి చాటాయి. పటాన్ని వేలితో నెట్టినట్లు జరిపితే, కావలసిన ముక్కలు మాత్రమే వచ్చి అంచులలో అతుక్కోవడం ఆనాటివారికి వింతగా తోచింది. అదే నెల 18వ తేదీన జెస్సీ జేమ్స్ గారెట్ ఒక వ్యాసం వ్రాసి ఈ పద్ధతికి ఏజాక్స్ అని నామకరణం చేశారు.

ఆ పేరులోని తొలి అక్షరం ఎసింక్రనస్ అనే మాటను సూచిస్తుంది. అడిగినది వచ్చేవరకు తక్కిన పని ఆగనక్కరలేదని దాని భావం. పొయ్యి మీద కూర ఉడుకుతుండగా ఉప్పు నిండుకొంటే గృహిణి పిల్లవాణ్ణి అంగడికి పంపుతుంది. అతడు వచ్చేదాకా పొయ్యి ఆర్పి కూర్చోదు. అదే విధంగా దూత సర్వరు వద్దకు వెళ్ళి వచ్చేలోపల పాఠకుడు చదువుకొంటూనే ఉంటాడు. దూత తెచ్చిన దానిని బ్రౌజరు సరియైన కొమ్మకు తగిలిస్తుంది. పుట కదలదు. తొలి దూతను తెచ్చిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు 2022లో మైక్రోసాఫ్ట్ స్వస్తి పలికింది. పద్ధతి మాత్రం నిలిచింది.

అయితే ప్రతి సౌకర్యం వెంట ఒక బాధ్యత వస్తుంది. పాఠకుడు చదువుతున్న పంక్తికి పైన క్రొత్త విషయం వచ్చి చేరితే ఆ పంక్తి చూపు నుండి జారిపోతుంది. నొక్కబోయిన మీట ప్రక్కకు జరిగి, వేలు మరొకదానిపై పడుతుంది. వీటికంటె గంభీరమైనది మరొకటి ఉంది. కన్నులున్నవారు తెర మూలలో వచ్చిన మార్పును ఇట్టే గమనిస్తారు. చూపు లేనివారు పుటను చెవులతో చదువుతారు. తెరపైని మాటలను సాఫ్ట్‌వేరు వరుసగా చదివి వినిపిస్తుంది. పుట మొత్తంగా మారిన రోజులలో ఆ గొంతు తిరిగి మొదటి నుండి చదవడం ప్రారంభించేది. అది విసుగు పుట్టించినా, ఏదో మారిందన్న సంగతి మాత్రం తెలిసేది. ఒక ముక్క మాత్రమే నిశ్శబ్దంగా మారితే ఆ గొంతుకు తెలియదు, వినేవారికీ తెలియదు.

చూపు లేని విద్యార్థి ఒకడు పరీక్ష దరఖాస్తును నింపి చివరి మీట నొక్కాడనుకొందాం. పుట్టిన తేదీ సరిగా లేదని తెర పైభాగాన ఎర్రని అక్షరాలు ప్రత్యక్షమయ్యాయి. అతనికి ఏమీ వినిపించలేదు. మరల నొక్కాడు, మరల నిశ్శబ్దమే. దరఖాస్తు చేరిందని తలచి వెళ్ళిపోతే గడువు దాటిన తరువాతగాని సంగతి బయటపడదు. పుటను రూపొందించినవారు ఎవరికీ అపకారం తలపెట్టలేదు. మార్పు తమకు కనిపించింది కనుక అందరికీ కనిపిస్తుందని అనుకొన్నారు, అంతే.

ఈ కొరతను తీర్చడానికి 2014 మార్చిలో అంతర్జాతీయ వెబ్ ప్రమాణాల సంస్థ కొన్ని నియమాలను ఆమోదించింది. మారే భాగం ఏదో పుటను రూపొందించేవారు ముందే గుర్తుపెట్టి ఉంచాలి. అక్కడ మార్పు వచ్చినప్పుడు చదివే గొంతు ఎలా ప్రవర్తించాలో కూడా చెప్పాలి. ఆ గుర్తులలో ఒకదాని పేరు పొలైట్, అనగా మర్యాద. చదువుతున్న మాటలు ముగిసేదాకా ఆగి, ఆపై క్రొత్త సంగతి చెప్పాలని దాని ఆదేశం. మరొకదాని పేరు అసర్టివ్. అత్యవసరమైన సంగతిని వెంటనే చెప్పడానికి అది ఉద్దేశించినది. పెద్దలు మాట్లాడుకొంటున్న చావడికి కబురు తెచ్చినవాడు గుమ్మం దగ్గర ఆగుతాడు. మాట ముగిశాక కబురు చెబుతాడు. ఇల్లు అంటుకొందన్న కబురైతే మాత్రం ఆగడు. పల్లె చావడిలో పిల్లలకు కూడా తెలిసిన ఈ వివేకాన్ని యంత్రానికి మాత్రం అక్షరాలా వ్రాసి చెప్పవలసి వచ్చింది.

నిశ్శబ్దపు మార్పులో మరొక చిక్కు కూడా ఉంది. నిన్న చదివిన వాక్యం నేడు వేరొకటిగా కనిపించినప్పుడు, మారినది వాక్యమో, తన జ్ఞాపకమో పాఠకుడు తేల్చుకోలేడు. తాళపత్రంలో ఆ సందేహానికి తావు లేదు. హంసపాదం లోపాన్ని పూరించింది. పూరించినట్లు చెప్పింది కూడా. లేఖకుడు తన తప్పును దాచుకోలేదు కనుకనే తరువాతి కాలపు పరిష్కర్త ఆ ప్రతిని నమ్మగలిగాడు. ‘సవరించబడింది’ అన్న ఒక్క మాట, ప్రక్కన సవరించిన సమయం ఉంటే తెరపై కూడా అదే నమ్మకం నిలుస్తుంది.

నేటి విద్యార్థులలో కొందరు రేపు ఇటువంటి పుటలను రూపొందిస్తారు. తక్కువ మార్చి ఎక్కువ ఫలితం సాధించే నేర్పును వారికి పుస్తకాలు, యంత్రాలు నేర్పుతాయి. ఆ పుట అవతల చదువుతున్న మనిషి చూస్తున్నాడో, వింటున్నాడో, ఏ పంక్తి దగ్గర ఉన్నాడో యంత్రం తనంతట తాను ఆలోచించదు. ఆ ఆలోచన వ్రాసేవారిదే. మారినంత మేరకే మార్చడం నేర్పు. మారిందని చదువరికి తెలియజేయడం సంస్కారం.