నెత్తిన ఎండ, కొండమీద వాన

అమెరికాలో స్థిరపడిన మా చిత్తూరు వాళ్లకు నేషనల్ పార్కుల్లో గుడారం వేయడం ఇప్పుడు కొత్తేమీ కాదు. ఎండాకాలం సెలవులు రాగానే కారు నిండా సామాన్లు సర్దుకుని రాకీ, గ్లేసియర్, ఎల్లోస్టోన్ కొండల దారి పడతారు. అదే ఉత్సాహంతో డిసెంబరులో ఊరికొచ్చినప్పుడు పిల్లలకు తలకోన, నాగలాపురం కోనలు చూపించాలనుకుంటారు. చూపించాలి కూడా, మా కొండలు ఏ కొండలకూ తీసిపోవు. అయితే మనకు సెలవులు దొరికే రోజులూ, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టి ఈ కొండల మీద కుమ్మరించే రోజులూ దాదాపు ఒకటే. జలపాతం నిండుగా దూకేదీ అప్పుడే, మనిషిని ఈడ్చుకుపోయేదీ అప్పుడే. ఏ కొండమీద ఎంత వాన పడుతుందో ముందుగా కచ్చితంగా చెప్పడం ఎవరి తరమూ కాదు. పైన పడిన వాన సంగతి కిందున్నవాళ్ల చెవిన వేయడం మాత్రం మనుషులు చేయగల పని. మా కొండల్లో ఆ పనే సరిగా జరగడం లేదు.

1976 జూలై 31, శనివారం. కొలరాడోలో రాకీ మౌంటెన్ నేషనల్ పార్కును ఆనుకుని ఉన్న ఎస్టెస్ పార్క్ ఊరి దిగువన బిగ్ థాంప్సన్ నది ఇరుకు లోయలో పారుతుంది. సెలవురోజు కావడంతో లోయ పొడవునా జనం. ఆ సాయంత్రం లోయ పైభాగంలో కొద్ది గంటల్లోనే సుమారు 12 అంగుళాల వాన కురిసింది. దిగువన చాలాచోట్ల చెప్పుకోదగ్గ వానే లేదు. 140 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కార్లలో లోయ వెంబడే బయటపడాలని చూసినవాళ్లలో ఎందరో వరదకు చిక్కారు. కారు వదిలేసి పక్క గుట్ట ఎక్కినవాళ్లు బతికారు. వరదొస్తే పైకెక్కి ప్రాణం కాపాడుకోమని చెప్పే బోర్డులు కొలరాడో లోయల్లో వెలిసింది ఆ తర్వాతే. కారులో ఉన్నంతసేపూ భద్రంగా ఉన్నామనే నమ్మకాన్ని వదిలించడానికి రోడ్డు పక్కన పాతిన రేకు చాలని అక్కడి అధికారులు గుర్తించారు.

తలకోన ఉన్న శేషాచలం కొండల తీరు కూడా అలాంటిదే. తలకోనలో 270 అడుగుల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి. కింద నిలబడి తడుస్తున్నవాళ్లకు ఆ కొండ అంచు వెనక అడవిలో ఏం జరుగుతోందో కనిపించదు. పైనంతా క్వార్ట్‌జైట్ రాయి. పగుళ్లలోకి దిగినంత దిగి, మిగతా నీరంతా వంకల్లోకి పరుగెడుతుంది. 2021 నవంబరు 18న తిరుపతి అది కళ్లారా చూసింది. కపిలతీర్థం దగ్గర జలపాతం ఎర్రటి వరదై విరుచుకుపడింది. ఘాట్ రోడ్లు, నడకదారులు మూసేశారు. మరుసటి తెల్లవారుజామున, ఎగువన పింఛా నుంచి వచ్చిన వరదకు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, పల్లెలు కొట్టుకుపోయాయి. పదిరోజులు దాటాక, డిసెంబరు 1న, తిరుమల రెండో ఘాట్ రోడ్డు మీద పెద్ద పెద్ద బండలు విరిగిపడ్డాయి. పగుళ్లలో దిగిన నీరు తన పని ఎప్పుడు ముగిస్తుందో ఆకాశం చూసి చెప్పలేం.

వానాకాలమంతా కోనలు మూసేస్తే సరిపోతుంది కదా అంటారు కొందరు. శేషాచలంలోని శ్రీవేంకటేశ్వర నేషనల్ పార్కు 1989లో ఏర్పడింది. అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టడమే నేరం. గుడారం కూడా అటవీశాఖ చూపిన చోటే వేయాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. కానీ మూసివేత గేటు దగ్గరే ఆగుతుంది. కారణం చెప్పని గేటును తప్పించుకుని పక్క దారిలో వెళ్లేవాళ్లను అది ఆపలేదు.

మనవాళ్లు చెబితే వింటారా అనేది ఇంకో మాట. వింటారు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని బలిగొన్నాక, మధ్యాహ్నం రెండు దాటితే పిల్లలను నడకదారిలో పంపబోమని టీటీడీ చెప్పింది. మొక్కుకుని వచ్చిన భక్తులు సైతం అర్థం చేసుకున్నారు. ఎందుకో తెలిసింది కాబట్టి.

డబ్బు సంగతికొస్తే, 2022 జూన్ వరదల్లో ఎల్లోస్టోన్ పదివేల మందికి పైగా సందర్శకులను బయటికి పంపగలిగింది. అంత యంత్రాంగం మనకు వెంటనే రాదు. అయితే ఎర్రచందనం కాపాడటానికి శేషాచలం అడవిలో ఇప్పటికే బేస్ క్యాంపులున్నాయి. పైన వాన మొదలైతే ముందు తడిసేది అక్కడి సిబ్బందే. వాళ్ల మాట కింద టికెట్లిచ్చే చోటికి అప్పటికప్పుడు చేరే ఏర్పాటు కావాలి. ఆ టికెట్ల దగ్గర, గుండాల దగ్గర, ఎటువైపు ఎక్కాలో బాణం గుర్తుతో చూపే బోర్డులు కావాలి. నాగలాపురం వైపు చెన్నై కుర్రాళ్లు ఎక్కువగా వస్తారు కాబట్టి తెలుగుతో పాటు తమిళంలోనూ రాయాలి. ఊళ్లో గుడికీ బడికీ విరాళాలు పంపే మన ప్రవాస సంఘాలు అటవీశాఖను అడిగి ఈ బోర్డుల ఖర్చు భరించవచ్చు. వచ్చే ఈశాన్య రుతుపవనాల లోపే, తలకోనతో మొదలుపెట్టవచ్చు.