చెత్త ఇచ్చి పుస్తకం పుచ్చుకునే ఊరు

ఇండోనేషియాలో, మధ్య జావాలో ముంతాంగ్ అనే పల్లె ఉంది. అక్కడ రాడెన్ రోరో హెందర్తి అనే లైబ్రేరియన్ మూడు చక్రాల బండి నిండా పుస్తకాలు పెట్టుకుని వస్తారు. పిల్లలు ప్లాస్టిక్ గ్లాసులు, సంచులు తెచ్చిచ్చి పుస్తకం పట్టుకెళ్తారు. 2021లో ఆమె సంగతి వార్తల్లోకి వచ్చేనాటికి 6,000 పుస్తకాలున్నాయి. వారానికి 100 కిలోల దాకా చెత్త చేరేది. దాన్ని వేరుచేసి అమ్ముతారు, లేదా రీసైక్లింగుకు పంపుతారు.

ఈ సంగతి మా ఐదో తరగతిలో చెబితే, "మన సంతలో ఎంత చెత్తో సార్!" అని పిల్లలు లేచారు. నిజమే. ఒకప్పుడు సంతలో అడ్డాకుల్లో కట్టిచ్చేవాళ్లు. ఆకు మట్టిలో కలిసిపోయేది. ఇప్పుడు కవర్లు వాగులో తేలుతున్నాయి.

నాకు బాగా నచ్చిందేమంటే, ఆ బండి దగ్గర ఏ బిడ్డా చేయి చాచదు. ఒకటిచ్చి ఒకటి పుచ్చుకుంటుంది. ఉచితంగా ఇచ్చామని పదేపదే గుర్తుచేసే చేతుల్ని మనం చాలా చూశాం. అందుకే ఆ తేడా మనకు తెలుసు.

ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. మా గూడెంలో ప్యాకెట్ కొనలేని ఇంట్లో చెత్త కూడా ఉండదు. ఆ ఇంటి బిడ్డ వట్టి చేతులతో తిరిగిపోకూడదు. సంతదారిలో ఏరి తెచ్చినా సరే, అమ్మమ్మ చెప్పిన కథ మన మాటలో రాసి తెచ్చినా సరే, పుస్తకం ఇవ్వాలి. ఆ కథల కాగితాలు కుట్టి అరలో పెడితే, మన భాషలో పుస్తకాల్లేవన్న లోటూ కొంత తీరుతుంది.

తోటి టీచర్లూ, చదువుకున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మొదలుపెట్టడానికి ఒక గోనెసంచీ, ఒక అర చాలు.