మెక్సికో పేరుగల రొట్టె

టాకో బెల్ దుకాణాల మెక్సికన్ పిజ్జాలో ఇటలీ జాడ తక్కువ, మెక్సికో జాడ అంతకన్నా తక్కువ. కరకరలాడేలా నూనెలో వేయించిన రెండు గోధుమ రొట్టెలు. వాటి నడుమ గొడ్డుమాంసపు కైమా, రాజ్మా వంటి గింజలను ఉడికించి మెదిపిన ముద్ద. పైన సాస్, ఛీజ్, టమాటా ముక్కలు. 1985లో వేరే పేరుతో వచ్చి, తరువాత ఈ పేరు పెట్టుకున్నది. అసలు ఆ సంస్థను స్థాపించిన గ్లెన్ బెల్ టాకో విద్య నేర్చినది శాన్ బెర్నార్డినోలో తన అంగడికి ఎదుటనున్న మిట్లా కేఫ్‌లో. మెక్సికన్ కుటుంబపు ఆ హోటలు నేటికీ అక్కడే ఉన్నది. బెల్ అంగడి మాత్రం వేల దుకాణాలైంది.

అయినా ఈ రొట్టెను అమెరికాలోని భారతీయులు తమదిగా చేసుకున్న తీరు ముచ్చటైనది. మాంసం మాని, ఆ చోట గింజల ముద్దే వేయమంటే శాకాహారికి కడుపునిండా భోజనం. హైవే మీద పచ్చి ఆకులు, వేయించిన ఆలుగడ్డలు తప్ప మరొకటి దొరకని రోజుల్లో ఎన్నో కుటుంబాలకు ఇదే దిక్కు. కారం సాస్ పొట్లాలు నాలుగు పిండుకుంటే ఇంటి రుచి కూడా కొంత తగిలేది. 2020 నవంబరులో సంస్థ దీనిని తొలగించింది. ప్యాకింగుకు ఏటా 70 లక్షల పౌన్లకు పైగా అట్ట ఖర్చవుతున్నదన్నది చూపిన కారణాలలో ఒకటి. తిరిగి తెమ్మని 1,70,000 మందికి పైగా సంతకాలు చేశారు. ఆ విన్నపం మొదలుపెట్టినవాడు భారతీయ మూలాలున్న యువకుడే. 2022 మేలో పిజ్జా సగౌరవంగా తిరిగివచ్చింది.

2025 ఫిబ్రవరి 5న అమృత్‌సర్‌కు తిరిగివచ్చినవారికి ఆ గౌరవం దక్కలేదు. అమెరికా సైనిక విమానంలో 104 మంది భారతీయులు, ఎక్కువమంది చేతులకు బేడీలతో, కాళ్లకు గొలుసులతో. పంజాబీలు డంకీ అని పిలిచే దారిన, పనామా అడవులు దాటి, మెక్సికో సరిహద్దు చేరినవారు వారిలో పలువురు. భూములమ్మి ఏజెంట్లకు కట్టిన లక్షలు అక్కడితో సరి. మరునాడు విదేశాంగ మంత్రి జైశంకర్ రాజ్యసభలో, ఇటువంటి పంపివేతలు కొత్త కావనీ, బంధించి తెచ్చే పద్ధతి 2012 నుంచే ఉన్నదనీ వివరించారు. ఆ ప్రకటనలో తేదీలున్నాయి, ఏటేటి లెక్కలున్నాయి. సొంత పౌరుల సంకెళ్లపై ఘాటైన నిరసన వాక్యం ఒక్కటీ లేదు.

వీసాతో విమానం దిగినవారికీ, సరిహద్దు గోడ దాటినవారికీ నడుమ పరిచయం ఎప్పుడూ తక్కువే. కాలిఫోర్నియాలో మాంసం లేని ఆ పిజ్జాను వేయించి, పెట్టెలో సర్ది, కిటికీలోంచి అందించే చేతులలో అధికభాగం మెక్సికోనుంచో, ఆ చుట్టుపక్కల దేశాలనుంచో వచ్చినవారివి, వారి బిడ్డలవి.