మెరకకో లెక్క, పల్లానికో లెక్క

శంకర్‌పల్లి చుట్టుపక్కల ఇప్పుడు పంట కంటే ముందు ప్లాట్ల హద్దురాళ్లు కంటబడతాయి. వాటిని దాటుకుని కొత్తపల్లి చేలల్లోకి దిగేసరికి జులై ఎండ చుర్రుమంటోంది. మృగశిరలో పడ్డ వానకు పత్తి, మక్క, కంది మొలిచాయి. ఆ తర్వాత వాన మొహం చాటేసింది. పత్తికి పైమందు వేయాల్సిన రోజులు వచ్చేశాయి. యూరియా చల్లాలా, వాన కోసం ఆగాలా అన్న తర్జనభర్జన ప్రతి గెట్టు మీదా వినబడుతోంది. నేల వాలునూ, నేలలోని తడినీ కొలిచి ఎరువు ఎక్కడ, ఎప్పుడు, ఎంత వేయాలో చెప్పడం సాధ్యమేనా అన్నది చూడాలని నేను వెళ్లాను.

ఈ ఊరికే వెళ్లడానికి కారణం ఉంది. హైదరాబాద్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, రంగారెడ్డి జిల్లాలో ఉన్న కొత్తపల్లి వాటర్‌షెడ్ పనులు చేసేవాళ్లకు బాగా తెలిసిన పేరు. 1999లో ఇక్రిశాట్ మరికొన్ని పరిశోధన సంస్థలు, జిల్లా యంత్రాంగం, ఊరివాళ్లతో కలిసి ఇక్కడి 465 హెక్టార్లను ఆదర్శ వాటర్‌షెడ్ పేరుతో బాగుచేయడం మొదలుపెట్టింది. చెక్‌డ్యాములు కట్టారు, కోతపడ్డ కాలువలకు రాళ్లు అడ్డం వేశారు, గట్ల మీద గ్లిరిసిడియా నాటారు. బావుల్లో నీళ్లు పెరిగిన సంగతి చాలామంది రాశారు. మట్టి పరీక్షల కథను మాత్రం అంతగా ఎవరూ పట్టించుకోలేదు. నాకు కావాల్సింది అదే.

యూరియా, డీఏపీ తప్ప మరొకటి పెద్దగా ఎరగని ఈ నేలల్లో గంధకం, జింకు, బోరాన్ కొరత ఉందని అప్పటి పరీక్షల్లో తేలింది. హెక్టారుకు 30 కిలోల గంధకం, 10 కిలోల జింకు, అర కిలో బోరాన్ వేయాలన్నది ఇక్రిశాట్ సిఫార్సు. జిప్సం, జింకు సల్ఫేటు లెక్కల్లోకి మారిస్తే 200 కిలోలూ 50 కిలోలూ అవుతాయి. అయితే ఈ అంకెల కన్నా వాళ్లు మట్టి తీసిన పద్ధతి నాకు ముఖ్యమనిపించింది. ఊరి భూమిని ముందు వాలును బట్టి మూడు భాగాలు చేశారు. పైన మెరక, నడుమ వాలు, కింద పల్లం. ఒక్కో భాగంలో నేల రంగు, పంట, రైతు కమతం పెద్దదా చిన్నదా అని చూసి, అక్కడి రైతుల్లో ఐదో వంతు మంది పొలాలను ఎంచుకున్నారు. ఒక్కో పొలంలో ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీసి కలిపారు. 2009లో మొదలైన కర్ణాటక భూచేతన పథకమూ ఈ దారినే నడిచింది.

దీని పక్కన 2015లో వచ్చిన భూసార కార్డుల పథకాన్ని పెట్టి చూడండి. నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు, వర్షాధార భూముల్లో 10 హెక్టార్లకు ఒక గడి గీసి, గడికి ఒక నమూనా తీయాలన్నది అందులోని నియమం. పది హెక్టార్లంటే దాదాపు పాతిక ఎకరాలు. తెలంగాణలో సగటు కమతం హెక్టారుకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి ఒక్క గడిలో పదిమంది రైతులు పడతారు. గడి చతురస్రం. నీళ్లు చతురస్రాల్లో పారవు. పై అంచున ఉన్న ఎర్ర చెల్కా, కింది అంచున ఉన్న నల్లరేగడీ ఒకే గడిలో పడితే, రెంటినీ కలిపిన సగటు ఆ రెండింటిలో దేనికీ వర్తించదు. కార్డు ఉండటమే నయమని వాదించేవాళ్లున్నారు. నిజమే గానీ, కార్డులో తడి ఊసు లేదు. ఏ రోజు వేయాలన్న ఊసూ లేదు.

నేల శాస్త్రంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి వెంట నేను తిరిగాను. ఆమె పని చేస్తున్న పొలం వాగు మీది మెరక నుంచి వాగు ఒడ్డు దాకా పొడుగ్గా దిగే నాలుగెకరాల పట్టీ. అన్నదమ్ముల పంపకాల్లో ఇలాంటి పట్టీలే మిగులుతాయి, ఎవరికి ఏ నేల తక్కువ కాకుండా. ఆసామికి డెబ్బై దాకా ఉంటాయి. ఆమె ఆయన్ను కాకా అంటుంది, ఆయన ఆమెను బిడ్డా అంటాడు.

ఫోన్‌లో ఆమె చూపించిన పటంలో ఊరంతా లేత పసుపు నుంచి ముదురు నీలం దాకా రంగులు. ప్రతి చుక్కకూ రెండే ప్రశ్నలు: దీని పైన ఎంత నేల నీరు దీనిలోకి దిగుతుంది, ఇక్కడ వాలు ఎంత? మొదటిదాన్ని రెండోదానితో భాగించి లాగరిథం తీస్తే ఆ చోటు ఎంత తడిగా ఉండే అవకాశం ఉందో ఒక అంకె వస్తుంది. 1979లో బెవెన్, కిర్క్‌బీ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు చెప్పిన సూత్రం ఇది. లెక్కకు కావలసిన ఎత్తుల వివరాలు 2000 ఫిబ్రవరిలో అమెరికా స్పేస్ షటిల్ రాడార్‌తో తీసిన కొలతల నుంచి గానీ, మన కార్టోశాట్ చిత్రాల నుంచి గానీ ఉచితంగా దొరుకుతాయి.

దొరికినంత మాత్రాన సరిపోదని ఆమే చెప్పింది. ఆ పటంలో ఒక చుక్క 30 మీటర్ల పక్క ఉన్న చతురస్రం. ఎకరాకు నాలుగున్నర చుక్కలు. అది చూపే ఎత్తులో కొన్ని మీటర్ల పొరపాటు ఉండటం మామూలే. ఈ పట్టీ మొత్తం దిగేదే నాలుగైదు మీటర్లు. మోకాలెత్తు గట్టు నీటి దారినే మార్చేస్తుంది, ఆకాశం నుంచి చూసే పటానికి ఆ గట్టు కనబడదు. అందుకే ఆమె సెంటీమీటర్ల తేడా కూడా పట్టే జీపీఎస్ కర్ర పట్టుకుని పొలమంతా నడిచి కొత్త పటం గీసుకుంది. ఇంకో చిక్కు రేగడితో. వానలు మొదలయ్యే నాటికి రేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది. తొలి వాన నీరు వాలు వెంట పారకుండా నెర్రెల్లోకి నేరుగా దిగిపోతుంది. ఇంగ్లండులోని తడి కొండవాలుల కోసం పుట్టిన సూత్రానికి ఆ సంగతి తెలియదు. నెర్రెలు మూసుకునే దాకా ఆ పటాన్ని నేనైతే నమ్మను.

ఉపగ్రహాలు తడిని కూడా కొలుస్తాయి. 2015 నుంచి పనిచేస్తున్న నాసా స్మాప్ ఉపగ్రహం చూపే ఒక చుక్క సుమారు 36 కిలోమీటర్ల పక్క ఉంటుంది. శంకర్‌పల్లి మండలం మొత్తం అందులో మునిగిపోతుంది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ చూపు అంతకన్నా చాలా సన్నం, 12 రోజులకోసారి వచ్చిన దారినే వచ్చి చూస్తుంది. ఏదైనా సరే, అవి చెప్పేది పై పొర తడి గురించే. పత్తి వేరు అంతకంటే లోతున తాగుతుంది.

మేం పైనుంచి కిందికి నడిచాం. మెరక మీద మట్టి తీసే ఆగర్ తిప్పితే జానెడు లోతున గరప తగిలింది. మట్టిని పిడికిట పడితే పొడిగా రాలిపోయింది. నడుమకొచ్చేసరికి ముద్ద కట్టింది గానీ వేలితో నొక్కితే విరిగింది. వాగు దగ్గర రేగడి చేతికి అంటుకుని వదల్లేదు. ఆమె దగ్గర ముళ్లున్న తడి మీటరు ఉంది, రేగడిలో దాని అంకెను ఊరికే నమ్మకూడదట. ప్రతి చోటా కాస్త మట్టి డబ్బాలో మూత బిగించి పెట్టుకుంది. 105 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఆరబెట్టి తూస్తేనే అసలు లెక్క. ఆసామి అంతసేపూ చూసి, “మీద చెల్కకు తాగుడే తెల్వదు సారూ, పడ్డది పడ్డట్టు కిందికి ఉర్కుతది. కింద రేగడి తాగుడు మొదలువెడితే ఆపదు. ఎక్కువైతే జాలు పడతది” అన్నాడు.

నిరుడు యూరియా ఎలా వేశారని అడిగాను. అంతటికీ ఒకటే లెక్క, ఎకరాకు సంచి. సంచిలో 45 కిలోలు, అందులో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. ఆ 20 కిలోలకు మీద ఒక గతి పడుతుంది, కింద ఇంకో గతి. బొత్తిగా ఎండిన నేల మీద యూరియా గుళిక అలాగే పడి ఉంటుంది. మంచుకో, చిన్న తుంపరకో తడిస్తే కరిగి, నేలపైనే అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. కింద జాలు పట్టిన రేగడిలో నత్రజని ముందు నైట్రేటు అవుతుంది, గాలి అందని సూక్ష్మజీవులు దాన్ని వాయువుగా మార్చి వదిలేస్తాయి. మీద నీరు లేక పోతుంది, కింద నీరు ఎక్కువై పోతుంది. రైతు డబ్బు రెండు చోట్లా ఆకాశంలోకే.

ఇక్కడే అసలు పేచీ. ఏటేటా కోతకు గురై సారవంతమైన మన్ను, దానితో పాటు సేంద్రియ పదార్థమూ మెరక నుంచి జారి పల్లానికి చేరతాయి. కాబట్టి మట్టి పరీక్ష చేస్తే మెరకకే ఎక్కువ ఎరువు కావాలని వస్తుంది. తడి లెక్క చూస్తే అక్కడే తక్కువ వేయమని వస్తుంది. మెరకది జ్వరం పడి లేచినవాడి తీరు: ఆకలి ఉంటుంది, పెట్టిందంతా అరగదు. ఆ అమ్మాయి సలహా కూడా ఆ తీరుకు తగ్గట్టే ఉంది. జిప్సం, జింకు, బోరాక్స్ దుక్కిలోనే వేయాలి, మెరకకు తప్పనిసరిగా. నత్రజని మాత్రం కొద్దికొద్దిగా, జానెడు లోతు తడిసిన వాన పడ్డాకే, మొక్క పక్కన వేసి గుంటుకతో మట్టి కప్పాలి. పల్లంలో తడి ఉంది కాబట్టి ఇప్పుడే వేయొచ్చు, కాకపోతే ఎకరాకు సంచి అక్కర్లేదు. నేలే కొంత ఇస్తుంది.

నల్లరేగడిలో నీటిని సర్దితే ఎరువు ఎంత పనిచేస్తుందో చూడాలంటే పటాన్‌చెరు ఇక్రిశాట్ క్షేత్రానికి వెళ్లాలి. 1976లో మొదలైన ప్రయోగం అక్కడుంది. ఒక పక్క పాత పద్ధతి: వానాకాలం ఖాళీగా ఉంచి యాసంగిలో పంట. ఇంకో పక్క మీటరు వెడల్పు బోదెలు, నడుమ అర మీటరు కాలువ, స్వల్పమైన వాలుతో; జొన్నలో కంది, మోతాదు ప్రకారం ఎరువు. 30 ఏళ్ల సగటు చూస్తే పాత పద్ధతిలో హెక్టారుకు 1.1 టన్నులు, కొత్తదాంట్లో 5.1 టన్నులు. ఆ తేడా ఎరువు ఒక్కదాని వల్ల రాలేదు, బోదె ఒక్కదాని వల్లా రాలేదు.

ఇదంతా విని ఆసామి కాదనలేదు. “దొరికిన నాడు తెచ్చుకుంటం, తెచ్చుకున్న నాడు చల్లుతం” అన్నాడు. 2025 వానాకాలంలో తెలంగాణలో యూరియా కోసం రైతులు తెల్లవారకముందే వచ్చి చెప్పులూ, పాసుపుస్తకాలూ వరుసలో పెట్టిన ఫొటోలు అందరం చూశాం. సంచి ఎప్పుడొస్తుందో తెలియని చోట తడి ఎప్పుడుందో తెలిసి లాభమేంటి? దొరికింది దాచుకుంటే గడ్డకడుతుంది. ఇక బోరాక్స్ సంగతి. తిరుగు దారిలో ఒక దుకాణంలో అడిగితే, అడిగేవాళ్లు లేరని తెప్పించడం మానేశామన్నారు. ఆకుల మీద పిచికారీ చేసే మిశ్రమం సీసా మాత్రం చేతిలో పెట్టబోయారు.

ఆ రోజు సాయంత్రం కింది ఎకరంన్నరకు మాత్రమే చల్లుదామని కాకా ఒప్పుకున్నాడు. అమ్మాయి గట్టురాళ్ల మీద ఎర్ర రంగుతో రెండు గీతలు గీసింది. చిక్కల్లా సాళ్లతో వచ్చింది. పట్టీ పొడుగు కాబట్టి సాళ్లు పైనుంచి కిందికే ఉన్నాయి. మందు చల్లే ఆడవాళ్లు సాలు వెంట నడుచుకుంటూ పోతారు, అడ్డంగా ఉన్న గీత దగ్గర ఆగడం వాళ్లకు అలవాటు లేని పని. పైగా కూలి సంచి లెక్కన.

“గీత దాటొద్దంటివి, పిడికిలి తగ్గించుమంటివి. సగం సంచే ఒడిస్తే మాకు సగం పైసలేనా?” అని వాళ్లలో పెద్దావిడ అడిగింది.

అమ్మాయి పటం ఉన్న ఫోన్‌ను సంచిలో పెట్టేసింది. కాసేపు బేరం నడిచాక, సంచి లెక్క వద్దు, పూట కూలి ఇస్తానని కాకా ఒప్పుకున్నాడు. మీది గీత పైన వాన పడ్డాక మళ్లీ రావాలి, ఆ పూటకు వేరే కూలి అని పెద్దావిడ ముందే ఖాయం చేసుకుని పళ్లెంలోకి యూరియా తీసుకుంది.