భుజానికి కావలసింది బరువే

చెయ్యెత్తితే చాలు, భుజం కలుక్కుమంటుంది. అటువైపు తిరిగి పడుకోనివ్వదు. ఇలా నెలలు గడిచాక ఎవరికైనా చెయ్యి కదపాలంటేనే భయం. ఆ భయం నాకు బాగా తెలుసు.

భుజం కీలును చుట్టి పట్టుకునే కండరాలు నాలుగు. వాటిని ఎముకకు కలిపే పట్టీలే టెండన్లు. వాటిలో ఎక్కువగా దెబ్బతినేది పైనున్న సుప్రాస్పైనేటస్ టెండన్. పైఎముక ఒరుసుకోవడమే కారణమని 1972లో అమెరికా సర్జన్ చార్లెస్ నీర్ చెప్పాక, ఆ ఎముకను చెక్కే ఆపరేషన్లు దశాబ్దాలపాటు సాగాయి. ఆ ఆపరేషన్‌ను పరీక్షించడానికి బ్రిటన్‌లో కొందరికి ఎముక చెక్కారు, కొందరికి లోపల కెమెరాతో చూసి వదిలేశారు. రెండు బృందాల ఫలితాల్లోనూ తేడా లేదు. 2018లో లాన్సెట్ ప్రచురించిన ఈ సంగతి నన్ను ఎంతో ఆలోచింపజేసింది.

ఎముక చెక్కడం కాదు, టెండన్‌కు కావలసింది క్రమంగా పెరిగే బరువు. మొదట రబ్బరు బ్యాండు, తర్వాత చిన్న డంబెల్. చేసేటప్పుడు కాస్త నొప్పి పుట్టినా, మర్నాటికి సర్దుకుంటే ఫరవాలేదు. కనీసం 12 వారాలు పడుతుంది, ఎందుకంటే టెండన్ కండరమంత త్వరగా బలపడదు.

మన ఊళ్లలో ఫిజియోథెరపీ అంటే ‘కరెంటు పెట్టించుకోవడం’ అనుకుంటారు. పది రోజులు పెట్టించుకుని, తగ్గలేదని మానేస్తారు. అసలు వైద్యమైన వ్యాయామం మొదలే కాదు. నాకు బాధ కలిగించేది అదే.