తడిసిన కాగితాలు

తెనాలి నుంచి రేపల్లెకి తిన్నగా పోయే బస్సులున్నాయి, రైలూ ఉంది. కానీ అమ్మీ బాపట్ల మీదుగా చుట్టు తిరిగి పోదామంది. పుట్టింటికి పోతూ పోతూ సూర్యలంకలో సముద్రం చూడాలట. డెబ్బై ఏళ్ళ మనిషి కోరిక, కాదనలేకపోయాను.

పొన్నూరు దాటేసరికి వాన పట్టుకుంది. బాపట్లలో దిగేసరికి బస్టాండు చెరువైంది. సూర్యలంక అక్కణ్ణుంచి ఎనిమిది తొమ్మిది కిలోమీటర్లే. అయినా ఆ వానలో అమ్మీని ఆటోలో తిప్పడం ఇష్టంలేక రేపల్లె బస్సెక్కించాను. కర్లపాలెం, చెరుకుపల్లి మీదుగా పోయే ఆ దారి మ్యాపులో సముద్రానికి దగ్గరగానే ఉంటుంది. కిటికీలోంచి చూస్తే మాత్రం పొలాలు, తాటిచెట్లు, రొయ్యల చెరువులు. సముద్రం కనపడదు.

"దర్యా కిత్తా దూర్ హై బేటా?" అనడిగింది అమ్మీ, బస్సంతా వినపడేలా.

"దగ్గరే అమ్మా. కాస్త నెమ్మదిగా మాట్లాడు" అన్నాను తెలుగులో.

ఇంట్లో అమ్మీ అనేవాణ్ణి బస్సులో అమ్మా అన్నాను. ఇరవై ఏళ్ళుగా తెలుగు వార్తలు రాసి, దిద్ది బతుకుతున్నవాణ్ణి. నా పేరు విన్నాక "మీ తెలుగు భలే ఉందండీ" అని మెచ్చుకున్నవాళ్ళు ఎందరో. 'మీది కాని భాష అయినా' అన్న మాట ఆ మెప్పులో దాగుంటుందని తెలిసి కూడా థాంక్స్ చెప్పాను. ఆ అలవాటే ఇవాళ అమ్మీ నోరు నొక్కింది.

మొదటి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది ఈ బాపట్లలోనే. తెలుగువాళ్ళకో రాష్ట్రం కావాలన్న మాట అక్కడ చర్చకొచ్చింది. భాషే మనల్ని కలుపుతుందని నమ్మి నేనూ వ్యాసాలు రాశాను. రెండు భాషలున్న ఇంటికి ఆ లెక్కలో చోటెక్కడో మాత్రం ఎన్నడూ రాయలేదు.

"ఎందాకమ్మా?" అంది అమ్మీ పక్కనున్న పెద్దావిడ.

"రేపల్లె. మా పుట్టిల్లు."

"సాయిబులా? అచ్చం మాలాగే మాట్లాడుతున్నావే!"

ఆమె మాటలో కల్మషం లేదు. నేనైతే నవ్వి ఊరుకునేవాణ్ణి. అమ్మీ ఊరుకోలేదు.

"మీలాగేంటమ్మా, నేను మాలాగే మాట్లాడుతున్నా. డెబ్బై ఏడు ఉప్పెనప్పుడు మా ఇంటికప్పు లేచిపోతే దేవుణ్ణి తురకంలో పిలిచా, మనుషుల్ని తెలుగులో పిలిచా. ఇద్దరూ విన్నారు."

1977 నవంబరు 19. దివిసీమ, రేపల్లె, బాపట్ల తీరాల్లో వేలమందిని మింగిన ఉప్పెన. అప్పుడు అమ్మీ కొత్త పెళ్ళికూతురు. పుట్టింట్లో ఉంది. ట్రంకుపెట్టెలోని బడి సర్టిఫికెట్టు, నిఖానామా, నానా ఇంటి దస్తావేజు అన్నీ నాని ముద్దయిపోయాయి. చిన్నప్పుడు నాకదొక కథ.

2019 ఆగస్టులో అస్సాం పౌరుల జాబితాలో 19 లక్షల మంది పేర్లు లేవన్న వార్త నా బల్లమీదికొచ్చింది. అక్షరదోషాలు దిద్ది పంపాను. డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. జాబితా దేశమంతటికీ వస్తుందన్నారు. ఆ రాత్రి అమ్మీ పెట్టెలన్నీ వెదికాను. "ఏం వెదుకుతున్నావురా?" అంటే కరెంటు బిల్లన్నాను. ఈ గడ్డమీద నువ్వు పుట్టినట్టు రుజువు వెదుకుతున్నానని కన్నతల్లితో ఎలా చెప్పను?

పెద్దావిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, జల్లు అమ్మీ మీద పడకుండా కిటికీ అద్దం లాగింది. "మా అన్న ఆ ఉప్పెనలోనే పోయాడమ్మా" అంది. ఇద్దరూ చెరుకుపల్లి దాకా ఆ రాత్రి గురించే మాట్లాడుకున్నారు. ఎవరూ ఎవరినీ కాగితం అడగలేదు.

రేపల్లె చేరబోతుంటే వాన వెలిసింది.

"దర్యా దిఖ్యా నై బేటా" అంది అమ్మీ దిగులుగా.

"ఫిర్ ఆయింగే అమ్మీ" అన్నాను. ముందు సీటాయన తల తిప్పి చూశాడు. గుండె ఝల్లుమన్నమాట నిజం. అమ్మీకి సరిగా వినపడలేదనుకున్నానో, నాకే వినపడాలనుకున్నానో, మళ్ళీ అదే మాట ఇంకాస్త గట్టిగా అన్నాను.