గోస్తనీ వెంట

విశాఖపట్నం చూడవచ్చిన బంధువులకు మేము చూపే లోకం చాలాకాలంగా ఒకే క్రమంలో నడుస్తోంది. మొదటి రోజు సముద్రం, సింహాచలం. రెండో రోజు తెల్లవారుతూనే కిరండూల్ పాసింజరెక్కి అరకు, అక్కడినుంచి జీపులో బొర్రా గుహలు, బొంగు చికెన్, రెండు పొట్లాల కాఫీపొడి, చీకటిపడేవేళకు మళ్ళీ ఇంట్లో. ఆ ప్రయాణం మీద నాకు చిన్నచూపేమీ లేదు. అయితే కొండనూ చూసి, నగరాన్నీ చూసి, ఆ రెంటినీ కలిపి కుట్టిన దారాన్ని చూడకుండా వెళ్ళిపోతున్నారే అన్న వెలితి మాత్రం ఉండేది. ఆ దారం పేరు గోస్తనీ నది.

బొర్రా గుహల్లోంచి వెలువడి, తాటిపూడి దగ్గర జలాశయమై, పద్మనాభం కొండ పక్కగా సాగి, భీమునిపట్నం వద్ద బంగాళాఖాతంలో కలిసే చిన్న నది ఇది. భారతదేశపు నదుల పట్టికలో దీనికి చోటు దొరకడమే కష్టం. కానీ విశాఖ వాసుల కుళాయిల్లోకి వచ్చే నీటిలో తాటిపూడి వాటా ఒకటుంది. మా అమ్మ పుట్టిల్లు పద్మనాభానికి దగ్గరలోని ఒక పల్లె. ఆవిడ ఈ నదిని పేరుపెట్టి పిలవగా నేనెన్నడూ వినలేదు. "మా ఏరు" అంటుంది, అంతే. డెబ్బయ్యారేళ్ళు వచ్చినా ఆ ఏరు ఎక్కడ పుట్టిందో చూడలేదు. మోకాళ్ళు పూర్తిగా మొరాయించేలోగా చూడాలని కార్తీకమాసంలో ఒకనాడు తనంతట తానే అడిగింది. అలా కుదిరింది మా మూడు రోజుల ప్రయాణం.

రైలు మార్గం గురించి కొంచెం చెప్పాలి. కొత్తవలస నుంచి కిరండూల్ వరకు కొండల్ని తొలిచి వేసిన ఈ పట్టాలు యాత్రికుల కోసం వేసినవి కావు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాను ఉక్కు కర్మాగారాలకు పంపడానికి, జపాను సహకారంతోనే 1960లలో నిర్మించారు. ఇప్పటికీ ఆ దారిలో మన పాసింజరు అతిథి మాత్రమే. ఎర్రటి ధూళి కప్పుకున్న గూడ్సు బండ్లు గృహస్థులు. శృంగవరపుకోట దాటాక బొడ్డవర, శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి అంటూ స్టేషన్ల పేర్లు మారేకొద్దీ చెవులు దిబ్బళ్ళు పడతాయి. 2017లో ఈ మార్గంలో అద్దాల పెట్టె ప్రవేశపెట్టారు. మేము మామూలు పెట్టెలోనే కూర్చున్నాం. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని పిల్లలందరూ ఒక్క గొంతుతో కేకవేయడం అద్దాల పెట్టెలో ఉంటుందో లేదో నాకు తెలియదు. అమ్మ మొదటి పది సొరంగాలూ లెక్కపెట్టి, తరువాత నిద్రపోయింది.

అరకు దాకా వెళ్ళకుండా బొర్రాలోనే దిగాం. ఈ గుహల్ని 1807లో విలియం కింగ్ అనే భూగర్భ సర్వే శాఖ అధికారి కనుగొన్నాడని చాలాచోట్ల రాసి ఉంటుంది. ఆ శాఖ ఏర్పడిందే 1851లో! పైగా, కొండమీద తరతరాలుగా పశువులు కాచుకుంటున్న వారికి తెలిసిన గుహని ఎవరో వచ్చి "కనుగొనడం" ఏమిటో. వారి కథ వేరు. మేస్తున్న ఆవు పైనున్న రంధ్రంలోంచి జారిపడితే, వెదుకుతూ దిగిన కాపరికి లోపల శివలింగం కనబడిందట. ఆవు పొదుగు ఆకారంలో వేలాడే రాతినుంచి నీరు చుక్కలుగా రాలుతుంది కనుక నదికి గోస్తని అని పేరు. శాస్త్రం చెప్పేది కూడా అందంగానే ఉంటుంది: వాననీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని పలచని ఆమ్లమై సున్నపురాతిని కరిగించడం, చుక్కచుక్కకూ రవ్వంత రాతిని మళ్ళీ పేర్చుకుంటూ పోవడం.

మెట్లన్నీ దిగడం అమ్మకు సాధ్యపడలేదు. పైకప్పు రంధ్రంలోంచి వెలుగు పడే పెద్ద మంటపం వంటి చోట కూర్చుంది. బయటికి వచ్చాక లోయ అడుగున రాళ్ళ మధ్య సన్నని ధారను వేలితో చూపించాను. చాలాసేపు చూసి, "ఇదేనేట్రా? ఇంత సన్నంగా ఉందేటి?" అంది. ఆ గొంతులో నిరాశా ఉంది, జాలీ ఉంది, చంటిపిల్లను చూసినప్పటి ముద్దూ ఉంది.

ఈ గుహల చుట్టుపక్కల పల్లెల నుంచే సుప్రీంకోర్టు వరకూ వెళ్ళిన ఒక వ్యాజ్యం ఉంది. అనంతగిరి మండలంలో గిరిజనుల భూములను గనులకు కౌలుకివ్వడాన్ని 'సమత' సంస్థ ప్రశ్నించింది. షెడ్యూల్డు ప్రాంతాలలోని ప్రభుత్వ భూములను సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం కౌలుకివ్వరాదని 1997లో తీర్పు వచ్చింది. ఆ తరువాత కూడా ఈ కొండలమీది బాక్సైటు మీద ఆశలు చావలేదు. వానను స్పంజిలా పీల్చుకుని ఊటలుగా వదిలే ఆ నేల పొరను తవ్వేస్తే కింద ఏరు ఏమవుతుందో గిరిజనులు పదేపదే అడుగుతూనే ఉన్నారు. కింద నగరంలో కుళాయి తిప్పేవాళ్ళం మాత్రం అడిగినట్టు నాకు గుర్తులేదు.

ఆ రాత్రి అనంతగిరిలో బస చేసి, మర్నాడు కారులో ఘాటు దిగాం. సిల్వరు ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియపు తీగెలు, వాటి నీడన ఎర్రబడుతున్న కాఫీ పళ్ళు. తాటిపూడి జలాశయం దగ్గర ఆగక తప్పదు. మూడువైపులా కొండలు, నడుమ కదలని నీరు. నిన్నటి చంటిపిల్ల ఇక్కడ నిండు ఇల్లాలు. విజయనగరంలో కోట, గురజాడ ఇల్లు, 1919లో వెలసిన సంగీత కళాశాల చూశాం. ఆ ఊరి గురించి రాయాలంటే ఇది చాలదు, వదిలేస్తున్నాను.

మూడోనాడు పద్మనాభం. 1794 జులై 10న కుంఫిణీ సేనల చేతిలో విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు మరణించింది ఇక్కడే. బొబ్బిలి యుద్ధం తెలియని తెలుగువాడు లేడు. ఈ యుద్ధం పేరు జిల్లా దాటితే ఎవరికీ తెలియదు. కొండమీద అనంత పద్మనాభస్వామి, దిగువన కుంతీమాధవస్వామి. కార్తీక అమావాస్యనాడు వెయ్యికి పైబడిన మెట్లన్నిటి మీదా దీపాలు పెడతారు.

అమ్మ దృష్టి కొండమీద లేదు. మేనమామ పొలం పక్కన ఏరు దాటే రేవు చూపిస్తానంది. కారు అటు రెండుసార్లు తిప్పాం. 2023లో భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగాక ఈ చుట్టుపక్కల పొలాలన్నీ స్థలాలుగా మారాయి. తెల్లరంగు పూసిన హద్దురాళ్ళు, ఇంకా ఇళ్ళు లేని వీధులకు పేర్లు. ఏటి ఒడ్డున ఇసుక తవ్విన గోతులు. చింతచెట్టు గుర్తు చెప్పింది గానీ చింతచెట్టు లేదు. చివరికి ఒక ముసలాయన, "ఆ రేవా అమ్మా? ఆ గోతికాడే," అని చెయ్యెత్తి చూపించాడు. అమ్మ చెప్పులు విప్పి నెమ్మదిగా దిగి, మడమలు తడిసేదాకా నిలబడింది. నేను ఏమీ అడగలేదు.

భీమిలిలో డచ్చివారి సమాధులు, తీర ద్వారాన్ని కొంత మూసిన ఇసుకదిబ్బ, దాని పక్కగా దారి వెతుక్కుంటూ సముద్రంలోకి జారే గోస్తని. నది అంటే విశాలంగా, హోరుగా కలుస్తుందని ఊహించుకుని వెళ్ళేవారు ఇక్కడ ఆశాభంగం చెందుతారు. పల్లె పిల్లలిద్దరు మోకాలి లోతులో వల విసురుతున్నారు. అమ్మ వాళ్ళను పిలిచి ఏం చేపలు పడుతున్నాయని అడిగింది, ధర అడిగింది, కిలో కొంది. ఇంటికి వచ్చేదాకా కారంతా చేపల వాసన.